«స్టార్టింగ్ కెర్నెల్ ...»: టీకా తాత్పర్య సహితము

అవతారిక: బీగిల్‌బోన్ బ్లాక్ అను అరచేతి పలకపై లినక్సును నిలుపగోరిన సాధకుడొకడు బిల్డ్‌రూట్ నందు «మేక్ బీగిల్‌బోన్_డెఫ్‌కాన్ఫిగ్» అని, పిమ్మట వట్టి «మేక్» అని పలికెను. లాప్‌టాప్ ఫ్యాను రొద నడుమ క్రాస్ కంపైలరు మొదలు కెర్నెలు వఱకు అన్నియు పుట్టెను. పుట్టినదానిని ఎస్‌డీ కార్డున కెక్కించి, ఎస్2 బొత్తాము నొక్కిపట్టి కరెంటిచ్చెను. (నొక్కనిచో ఈఎంఎంసీలోని పాత డెబియన్ లేచి వచ్చును. అది వేఱు కథ.) జే1 పిన్నులకు తగిలించిన 3.3 వోల్టుల సీరియల్ కేబులు గుండ, 115200 బాడ్ వేగమున, ఈ క్రింది వాక్యము తెరపై వెలసెను.

మూలము:
స్టార్టింగ్ కెర్నెల్ ...

ప్రతిపదార్థము: స్టార్టింగ్ = మొదలుపెట్టుచున్నాను (కర్త మూలమున లేదు; యూ-బూట్ అని అధ్యాహారము); కెర్నెల్ = జడ్‌ఇమేజ్ అను పేర ముడుచుకొని యున్న లినక్సును; ... = ఇక చెప్పుటకు నాకేమియు లేదు.

తాత్పర్యము: ఇది యూ-బూట్ తుది పలుకు. పూర్వకథ యిట్టిది. ఏఎం3358 చిప్పులోని బూట్ రోమ్, పలకపై 512 మెగాబైట్ల డీడీఆర్3 యున్న సంగతి యెఱుగదు. చిప్పు లోపలి యిఱుకు మెమరీకి ఎమ్ఎల్ఓ అను ఫైలును తెచ్చును. అది 109 కిలోబైట్లకు మించరాదు గనుక, సిరిసిల్ల నేతగాడు చీరను అగ్గిపెట్టెలో పట్టించినట్లు పట్టింపవలెను. ఎమ్ఎల్ఓ డీడీఆర్‌ను మేల్కొలిపి యూ-బూట్‌ను దింపును. యూ-బూట్ కెర్నెలును, పలకలోని భాగముల వివరము తెలుపు డివైస్ ట్రీని మెమరీలో ఉంచి, డివైస్ ట్రీ చిరునామాను ఆర్2 రిజిస్టరులో పెట్టి, కెర్నెలులోనికి దుముకును. తిరిగి రాదు.

ఎచటను ఏమియు దొరకనిచో రోమ్ «సీసీసీసీ» అని సీరియల్‌పై జపము సాగించును. మంత్రమని భ్రమపడరాదు. ఎక్స్‌మోడెమ్ ద్వారా ఫైలు పంపుడని దాని మొఱ.

విశేషము: వాక్యమున సారమంతయు మూడు చుక్కలలోనే యున్నది. అటుపై తెర కదలదు. ఇచట పూర్వపక్షము: «పలక చచ్చినది, క్రొత్తది కొనవలెను.» ఈ మతమునకు అనుయాయులు మెండు, అంగడివారును అందుఁ గలరు. సిద్ధాంతము: యూఎస్ఆర్0 ఎల్ఈడీ వంక చూడుడు. డివైస్ ట్రీలో దానికి హార్ట్‌బీట్ ట్రిగ్గరు కట్టియున్నది. అది రెండేసి మార్లు మెఱయుచుండినచో కెర్నెలు సజీవము. మాటలాడుచున్నది కూడ, అయితే మనము చెవి యొగ్గిన తలుపు కడ గాదు. దీపము వెలుగనిచో సంగతి వేఱు: డివైస్ ట్రీ ఈ పలకది కాకపోవచ్చును, లేదా కెర్నెలు పుట్టుచునే కూలియుండవచ్చును. అట్టిచో డీబగ్_ఎల్ఎల్ పెట్టి కెర్నెలును మరల కట్టి, యూ-బూట్ కెర్నెలున కందించు బూట్‌ఆర్గ్స్‌లో «ఎర్లీప్రింట్‌కే» చేర్చిన, కన్సోలు డ్రైవరు లేవకమునుపే కొన్ని మాటలు రాలును.

పాఠాంతరము: ఆ తలుపు పేరు బూట్‌ఆర్గ్స్‌లో ప్రాచీన ప్రతులందు «కన్సోల్=టీటీవైఓ0», నవీన ప్రతులందు «కన్సోల్=టీటీవైఎస్0» అని కలదు. ఓమాప్ సీరియల్ డ్రైవరు కాలమున మొదటిది సాధువు. 8250 డ్రైవరు వచ్చిన పిదప రెండవది. అదియుఁ గాక, పాత పాఠమున టీటీవై పిమ్మట నున్నది ఆంగ్లపు ఓ, దాని ప్రక్కది సున్న. రెంటిని సున్నలుగా ఎత్తివ్రాసిన లేఖకుల పాపము ఇంతింతనరాదు. పాత పాఠమును కెర్నెలు తానే దిద్దుకొను వెసులుబాటు నొకదానిని దాని కర్తలు దయతో కల్పించిరి. కట్టునప్పుడే దానిని ఎంచుకొనినవారికి గాని అది ఫలింపదు. ఈ వ్యాఖ్యాత దృష్టిలో మూడు చుక్కల కడ ఆగినవాడు మొదట పరిశీలింపవలసినది ఈ పాఠమునే, టంకపు కడ్డీ నెత్తుట తరువాతి మాట.

ఉత్తరార్ధము: పాఠము కుదిరినచో కెర్నెలు వాగ్ధాటి కడ్డుండదు. బూట్‌ఆర్గ్స్‌లో «రూట్‌వెయిట్» మఱచినవానికి, కార్డు సిద్ధము కాకమునుపే రూట్‌ను వెదకి కెర్నెలు ప్యానిక్ పాలగుట కలదు. మఱవనివానికి తుదకు «వెల్కమ్ టు బిల్డ్‌రూట్» అని స్వాగతము లభించును. లాగిన్ కడ రూట్ అని కొట్టిన చాలును, వేఱుగా అమర్చినఁ దప్ప పాస్‌వర్డ్ అడుగదు. ఈ ఔదార్యమును బల్లపై ప్రయోగములు చేయువారు గుణమనిరి, పలకను పెట్టెలో బిగించి యితరులకు అమ్మువారు దోషమనిరి.