శిఖంలో ఆఫీసులు, నదికి గోడలు

మిఠీ నదిని దారిలో పెట్టాలని ముంబయి పెద్దలు కంకణం కట్టుకుని నూట అరవై ఏళ్లు దాటింది. 1860లో విహార్ దగ్గర ఆనకట్ట వేసి మంచినీళ్లు పుచ్చుకున్నాం, బదులుగా మురుగు ఇచ్చాం. బాకీ ఉంచుకునే వంశం కాదు మనది. ఇప్పుడు ఎండాకాలం మిఠీలో పారేదంతా ఇళ్లవీ, కార్ఖానాలవీ కడుగునీళ్లే. విమానాశ్రయం దగ్గర రన్‌వేకి అడ్డొస్తోందని నదిని తొంభై డిగ్రీల మలుపులు తిప్పాం. పాముకైనా నడుం పట్టేసే మలుపులవి.

ఆఖరున మాహిం ఖాడీ. ఇక్కడ ఒడ్డును బట్టి న్యాయం. ఉత్తరాన చిత్తడిని పూడ్చి, 1977లో నగర ప్రాంత అభివృద్ధి సంస్థ ఎమ్మెమ్మార్డీఏ చేతికి వచ్చాక బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ లేపారు. అది అభివృద్ధి. దక్షిణాన అదే చిత్తడిని జనం తట్టలతో చెత్తా మట్టీ పోసుకుని గుడిసెలు వేసుకున్నారు. అది ఆక్రమణ, పేరు ధారావి. సముద్రం పోటెక్కి ఎగదన్నే నీరు, పైనుంచి దిగే వాననీరు ఒకప్పుడు ఆ మడచెట్ల మధ్య కాసేపు పరుచుకుని, ఆటు రాగానే దిగిపోయేవి. ఇప్పుడక్కడ బ్యాంకుల అద్దాల మేడలున్నాయి. నీళ్లకు అంత అద్దె కట్టే స్తోమత లేక ధారావిలో దిగుతున్నాయి.

2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. నది తన పాత జాగాలన్నీ పేరుపేరునా వెతుక్కుంటూ వచ్చింది. వందల మంది పోయారు. తప్పు నదిదేనని సర్కారుకు ఇట్టే అర్థమైంది. ఆగస్టుకల్లా మిఠీ నది అభివృద్ధి, పరిరక్షణ సంస్థ పుట్టింది. పై 11.8 కిలోమీటర్లు మునిసిపాలిటీకి, కింది 6 కిలోమీటర్లు ఎమ్మెమ్మార్డీఏకి వాటాలు వేశారు. తవ్వారు, వెడల్పు చేశారు, ఇటూ అటూ కాంక్రీటు గోడ కట్టారు.

మా చాల్‌లో పాలమూరు మేస్త్రీ తాత ఒకాయన ఉన్నాడు. దేశంలో ఏ మూల డ్యాము లేచినా పాలమూరు లేబర్ మట్టి మోయాల్సిందే. (ముంబయిలో కామాటిపురాకు ఆ పేరు తెచ్చిందీ తెలంగాణ కూలీలే. వాళ్లకు దొరికిన జాగా కూడా 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు నీటిని ఆపిన పల్లమే.) తాత ఓ రోజు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి మురుగు తూము చూపించాడు. పోటు మొదలైంది. బస్తీ నుంచి నదిలోకి పోవాల్సిన నల్లనీళ్లు తూము నోట్లో ఆగాయి. ఒక హవాయి చెప్పు అక్కడే రెండు చుట్లు తిరిగి, నీళ్లతో పాటు వెనక్కి మా వైపే వచ్చింది.

"చూసినవా బిడ్డా, గోడ నది నీళ్లను ఆపుడేమో గానీ మన నీళ్లను మాత్రం మంచిగ ఆపింది."

"మరి ఏం చేస్తే బాగుండేది తాతా?"

"మా ఊర్ల చెరువుకు శిఖం ఉంటది. నిండితే నీళ్లది, ఎండితే రైతుది. ఇంత సదువుకున్నోళ్లకు శిఖం తెల్వదా?"

తెలుసు తాతా. దాని చదరపు అడుగు ధర కూడా తెలుసు.

శిఖం చేసే ఇంకో పని ఉంది. వరద పరుచుకున్నప్పుడు నిదానించి ఒండ్రు దింపుతుంది, మడచెట్లు ఆ బురదలోనే వేళ్లూనుతాయి. గోడల మధ్య బురదకు వేరే చోటు లేదు, నది అడుగునే పేరుకుంటుంది. అందుకని ఏటేటా పూడికతీత టెండర్లు. నది ఉచితంగా చేసిపెట్టే పనికి కోట్లు. అదీ చేశారా అంటే, 2025 మేలో ముంబయి పోలీసుల ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. 65 కోట్ల పైచిలుకు నష్టం జరిగిందని, పూడిక పోసినట్టు చూపిన స్థలాల ఒప్పందాలు దొంగవని ఆరోపణ. వరద మైదానాలు అంతరించిపోయాయని ఎవరన్నారు? ఫైళ్లలో పచ్చగా ఉన్నాయి.

పరిరక్షణ అసలే లేదనడం అన్యాయం. ధారావి పక్కనే 37 ఎకరాల మహారాష్ట్ర నేచర్ పార్కు ఉంది. చిత్తడిని చెత్తదిబ్బ చేసి, ఆ దిబ్బ మీద అడవి పెంచారు. వ్యంగ్యం పక్కనపెట్టి చెబుతున్నా, నిజంగా మంచి అడవి. నెదర్లాండ్స్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. నైమేఖెన్ ఎదుట వాల్ నది కట్టనే 350 మీటర్లు వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు. ఈ సంగతి మనవాళ్ల చెవిన వేయడానికి నాకు భయం. నదికి చోటివ్వాలంటే వాళ్ల వేలు బ్యాంకుల వైపు పోదు, తాత ఖోలీ వైపే వస్తుంది.

ఇదంతా తాతకు చదివి వినిపించాను. గోడ ఎత్తు పెంచుతారేమోనని కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"టెండర్ ఎప్పుడు పడ్తదంటవ్ బిడ్డా? మా మనుమడు ఖాళీగున్నడు."