గగనం కింద అత్తాపూర్

ఆకాశంలో పువ్వు పూయదు. అందుకే లేని వస్తువుకు మన తర్కశాస్త్రులు గగనకుసుమం అని పేరు పెట్టారు. కుందేటి కొమ్ము, తాబేటి వెంట్రుక దాని చుట్టాలే. తెలుగువాడు ఆ పువ్వును తెంపి పారేసి, గగనం ఒక్కటే వాడుకలో ఉంచుకున్నాడు. జీతం మిగలడం గగనం, ఆ ఆఫీసులో ఫైలు కదలడం గగనం. ఈ కత్తిరింపు చేసినవాడు పండితుడు కాదు, ఏదో కౌంటరు ముందు కాళ్లు పీకేలా నిలబడ్డవాడై ఉంటాడు.

అత్తాపూర్‌లో ఈ మాటకు వాచ్యార్థం కూడా కుదిరింది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. విమానం ఎక్కేవాళ్ల కార్లు పైన దూసుకుపోతాయి. బైకులకు పైకి ప్రవేశం లేదు. కిందివాడికి నడినెత్తిన కాంక్రీటు, ఆకాశం కనబడటమే గగనం. అడ్రస్ అడిగితే మేం వీధి పేరు చెప్పం. డెలివరీ పిల్లగాడు కూడా "అన్నా, ఏ పిల్లర్ కాడ?" అనే అడుగుతాడు.

ఇక ఎయిర్‌పోర్ట్ మెట్రో. 2022 డిసెంబర్ 9న మైండ్‌స్పేస్ కూడలిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు, మూడేళ్లలో రైలు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. రేవంత్ రెడ్డి ఆ దారిని పక్కనబెట్టి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఇంకో దారి గీయించారు. మూడేళ్లూ అయిపోయాయి, రైలు లేదు. కుందేలు అదృష్టవంతురాలు. దానికి కొమ్ము మొలిపిస్తామని ఎవరూ శిలాఫలకం వేయలేదు, ఆ కొమ్ము ఎడమకా కుడికా అని రెండు ప్రభుత్వాలు తగవు పడలేదు.

సర్కారీ భాషలో అసంభవం అనే మాటే లేదు. "పరిశీలనలో ఉంది", "డీపీఆర్ పంపాం", "కేంద్రం ఒప్పుకోగానే". భర్తృహరిని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి, ఇసుకలోంచి నూనె తీయడానికైనా ఒప్పుకున్నాడు గానీ మూర్ఖుణ్ణి ఒప్పించలేమన్నాడు. (ఇసుకలోంచి ఇప్పుడు కోట్లే తీస్తున్నారు, నూనె ఎవడిక్కావాలి?) పాపం ఆయన డీపీఆర్ చూసి ఎరగడు.

చూసింది ప్లాట్ల బ్రోకర్లే. "రాబోయే మెట్రోకు నడక దూరం" అని పూయని పువ్వుకు గజాల లెక్కన రేటు కడుతున్నారు. దారి మారినప్పుడల్లా మ్యాపు మారుస్తారు, రేటు మాత్రం దించరు. రైలు ఎప్పుడని అడిగితే నవ్వుతారు. అడ్వాన్స్ మాత్రం ఈ ఆదివారం లోపే కట్టాలట.