నట్టుబోల్టు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పాత జీపు గొన్న భాగ్యశాలికిఁ గల్గు
నాదివారమెల్ల నట్టు బోల్టు
తోయ నలుగురున్న దుర్గమం బెక్కడ
కదలకున్న నేమి కథలు గలవు

అవతారిక: పాత జీపు కొని, ఇంట్లో మాట పడి, మెకానిక్ షెడ్డు చేరిన మిత్రుణ్ణి అంతకుముందే ఆ రెండూ అనుభవించిన మరో జీపు యజమాని ఓదారుస్తున్నాడు.

ప్రతిపదార్థం: పాత = అమ్మినవాడు 'కండిషన్ బాగుంది' అని ఒట్టేసినట్టి; జీపున్ = నాలుగు చక్రాలూ లాగే బండిని; కొన్న = ఇంట్లో చెప్పకుండా బేరం కుదుర్చుకున్న; భాగ్యశాలికిన్ = ఇకమీదట చేతిలో చిల్లిగవ్వ నిలవనివాడికి; ఆదివారము ఎల్లన్ = తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా; నట్టు బోల్టు = తుప్పు పట్టి బిగుసుకున్నవీ, అన్నీ బిగించాక ఒకటి మిగిలిపోయేవీ; కల్గున్ = లభించును; తోయన్ = వెనక నుంచి భుజం ఆనించడానికి; నలుగురు = తలా ఒక సలహా ఇచ్చేవారు; ఉన్నన్ = ఉంటే; దుర్గమంబు = పోరాని చోటు; ఎక్కడ = ఎక్కడుంది?; కదలకున్నన్ = బండి మొరాయించినా; ఏమి = పోయిందేమిటి?; కథలు = రేపు చెప్పుకోవలసినవి; కలవు = ఉన్నాయి.

తాత్పర్యం: పాత జీపు కొన్నవాడికి సెలవు ఉండదు, స్నేహితులుంటారు. బండి నడిస్తే ప్రయాణం, నడవకపోతే పురాణం.

వ్యాఖ్య: 'పాత జీపు' అంటే ఏది? ఎత్తు బానెట్టు సీజే-3బీ అని సంప్రదాయజ్ఞులు. విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన ఈ బండిని మన దేశంలో మహీంద్రావారు దశాబ్దాల పాటు తయారుచేశారు. కొత్త ఇంజనులో గాలి పీల్చే వాల్వులు పైకెక్కి, ఇంజను ఎత్తు పెరిగింది. దాన్ని కప్పడానికి బానెట్టూ తలెత్తింది. కనుక ఆ పొడుగు మొహం అందానికి కాదు, అవసరానికి వచ్చింది. తర్వాత ఇలాంటి పెట్రోలు జీపులు ఎన్నిటికో డీజిలు ఇంజన్లు మార్చి పెట్టారు. ఆత్మ ఒక దేహం వదిలి మరో దేహంలో చేరుతుందని వేదాంతులంటారు. షెడ్డులో దేహం ఉన్నచోటనే ఉంటుంది, ఆత్మనే గొలుసు కట్టి పైకి లాగి మారుస్తారు.

'నట్టు' దగ్గర పండితులకు పేచీ ఉంది. 'ఎల్లన్ + అట్టు' అని విడదీయాలనీ, కవి ఉద్దేశం పెసరట్టేననీ ఒక వర్గం. మా వాళ్లు పానాల సంచీ మరిచిపోయిన ఆదివారాలున్నాయి గానీ టిఫిను మరిచిపోయిన ఆదివారం లేదు కనుక ఇదీ గ్రాహ్యమే. యతి రెండు విధాలా చెల్లుతుంది. శ్లేష. 'భాగ్యశాలి' అన్నచోట వ్యాజస్తుతి.

శంక: నాలుగు చక్రాలూ లాగే బండికి తోసేవారెందుకు? సమాధానం: గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది వేగం తగ్గించి బలం పెంచుతుంది. అయితే గుంటలో ముందొకటి, వెనకొకటి చక్రం గాలిలోకి లేచాయంటే డిఫరెన్షియల్ తిరుగుడంతా ఆ తేలిక చక్రాలకే వదిలేస్తుంది. అవి గిర్రున తిరుగుతుంటే నేల మీది రెండూ చోద్యం చూస్తుంటాయి. అప్పుడు దిగి తోయవలసిందే. అందుకే కవి 'నలుగురు' అన్నాడు, చక్రానికొకరు.

'కదలకున్న' అనడానికి ఉదాహరణ. ఒక వాగు దాటాక డీజిలు అడుగంటి మా బండి ఆగింది. డబ్బాలో తెచ్చి పోసినా స్టార్టు కాలేదు, పైపులో గాలి పట్టింది. ఫిల్టరు మీది బోల్టు కాస్త వదులు చేసి ఒకడు చేతిపంపు కొడుతుంటే, ముగ్గురం తలలు ఆనించి చూస్తున్నాం. ముందు నురగ వచ్చింది. తర్వాత ఒక్కో బుడగ. చివరికి బుడగ లేని డీజిలు సన్నగా మణికట్టు మీదుగా కారింది. "బిగించెయ్ రా!" సెల్ఫు కొడితే తెల్లగా పొగ వదిలి అందుకుంది. ఈ కథ ఇప్పటికి ఏడుసార్లు చెప్పాం. చెప్పినప్పుడల్లా వాగు లోతు జానెడు పెరుగుతోంది.

పాఠాంతరం: షెడ్డు ప్రతిలో నాలుగో పాదం 'కదలుచున్న నేమి కథలు గలవు' అని ఉంది. గణాలు చెడలేదు. కదులుతూ పోతుంటే ఇక కథలేముంటాయని అర్థం. ఇది లేఖక దోషమని మొదట కొట్టిపారేశాను. కిందటి ఆదివారం బండి ఒక్క సెల్ఫుకే అందుకుంది, ఎక్కడా ఆగలేదు. తొమ్మిదింటికల్లా అట్లు తిని ఎవరింటికి వాళ్లం చేరుకున్నాం. షెడ్డు పాఠాన్నే స్వీకరించడమైనది.