గణపతిదేవుడికి వాట్సాప్ లేదు

హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున్నే నడిస్తే షుగర్ తగ్గుతుందని డాక్టర్ చెప్పాడు. బీపీ సంగతి చెప్పలేదు. అక్కడ నడిచేవాళ్లలో సగం మందికి మా అమ్మాయి ఈడు పిల్లలే. "మీ పాప ఫౌండేషనా, రెగ్యులరా?" అని ఒకాయన నడక ఆపకుండానే అడుగుతాడు. ఆరో తరగతి పిల్ల మీద ఎన్ని అంతస్తులు లేపుతారో తెలుసుకునేలోపు మలుపు తిరిగిపోతాడు.

ఆయన్ని అని లాభం లేదు. ఈ ఊరికి 1959లో నెహ్రూయే వచ్చి ఫౌండేషన్ వేసిపోయాడు. అప్పటి ఆర్‌ఈసీ, ఇప్పటి నిట్. కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చిందీ అదే ఏడు. ఇంజినీరా, డాక్టరా అన్న ప్రశ్న అప్పుడు పుట్టిందే. మూడో దారి కాజీపేట జంక్షన్, రైలెక్కి పోవడమే. బస్సు నిట్ గేటు దాటుతుంటే తల్లులు పిల్లల తలలు అటు తిప్పుతారు, గుడి దాటేటప్పుడు దండం పెట్టించినట్టు.

అలాగని ఈ పోలికల రోగం చదువులతోనే వచ్చిందనుకోవద్దు. పెత్రమాస నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే చూడండి. చేతులు చప్పట్లు కొడుతుంటాయి, కళ్లు పక్కవాళ్ల బతుకమ్మ ఎత్తు కొలుస్తుంటాయి. అందరికంటే ఎత్తు పేర్చినావిడ, "ఏదో దొరికిన పువ్వు పేర్చిన వదినా" అంటుంది. ఆ వినయంతోనే చంపుతారు. "మావోడు అస్సలు సదువడే అన్నా, ర్యాంకు ఎట్లచ్చిందో ఏమో" అనే తండ్రి ఆవిడ తమ్ముడే అయ్యుండాలి.

లియాన్ ఫెస్టింజర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీన్ని పట్టుకున్నాడు. కొలవడానికి బద్ద లేనిచోట మనిషి తనను పక్కవాడితో కొలుచుకుంటాడట. అదీ ఎక్కడివాడితోనో కాదు, తనలాంటివాడితో. నిజమే. మంచి తండ్రి అన్నదానికి బద్ద ఎక్కడుంది? అందుకే అంబానీ పిల్లలు ఎక్కడ చదివితే నాకేంటి గానీ, ఎదురింటి పిల్ల అబాకస్‌లో చేరిందంటే ఆ పూట అన్నం సహించదు.

దగ్గరివాడితోనే మంట అయితే దూరం పోదామనుకున్నా. బాగా దూరం, ఏడున్నర శతాబ్దాలు. ఒక ఆదివారం ఓరుగల్లు కోటకు వెళ్లి, కీర్తితోరణం నీడన నిలబడి కాకతీయ రాజు గణపతిదేవుడితో పోల్చుకోవడం మొదలుపెట్టా.

ఆయనకు కొడుకుల్లేరు. కూతురికి రుద్రదేవుడని మగపేరు పెట్టి సింహాసనం ఎక్కించాడు. సామంతులు కొందరు తిరగబడ్డారు. ఆమె వాళ్లను అణిచి 1289 దాకా ఏలింది. సామంతులంటే ఎవరు? మన ఇళ్లలో బామ్మర్దులూ, బాబాయిలే. "ఆడపిల్లకు రాజ్యమెందుకు బావా, బైపీసీ ఇప్పియ్" అని ఒక్కడైనా అనే ఉంటాడు. ఆయన వినలేదు. వినకుండా ఉండే సౌకర్యం కూడా ఉండింది లెండి: దేవగిరి యాదవరాజు తన కొడుకు గుర్రమెక్కిన వీడియో స్టేటస్‌లో పెట్టే కాలం కాదు. బిడ్డ కత్తి పట్టిన నాడు ఏ సామంతుల గ్రూపులోనూ "కంగ్రాట్స్" అని వేలు చూపించాల్సిన పని లేదు.

మనసు తేలికపడి, ఇంటికొచ్చి ఈ ఉపాయం మా ఆవిడకు చెప్పా. ఉల్లిగడ్డ కోస్తూ పూర్తిగా వింది.

"గణపతిదేవుడు బిడ్డకు రాజ్యమిచ్చిండు. మీరు జర లెక్కల హోంవర్కన్న చూడుండ్రి" అంది.

కూర్చున్నా. నిష్పత్తులు. తండ్రి వయసుకీ, కూతురి వయసుకీ నిష్పత్తి ఇచ్చి, కొన్నేళ్ల తర్వాత ఎంతవుతుందని అడిగాడు. నేను ఎక్స్ అనుకోవాలా వద్దా అని ఆలోచిస్తుండగానే మా అమ్మాయి పుస్తకం మూసి లేచింది.

"నువ్వు ఆలోచిస్తుండు నాన్నా. నేను ఎదురింటి అంకుల్‌ను అడిగొస్త."