చంద్రుడు ఏ నియోజకవర్గం కిందికి వస్తాడు?

కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ కావాలని, విశాఖకు రైల్వే జోను కావాలని ఏళ్ల తరబడి అడిగి అడిగి తలపండిన మనకు కూడా నియోజకవర్గాన్ని చంద్రమండలం దాకా సాగదీయవచ్చని తట్టలేదు. అమెరికా సెనేటర్లకు తట్టింది. బుష్ హయాంలో మొదలైన కాన్‌స్టలేషన్ అనే చంద్రయాత్ర పథకాన్ని రద్దు చేస్తామని 2010 ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం ప్రకటించింది. స్పేస్ షటిల్‌కు కూడా అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. అలబామా, యుటా, లూసియానా, ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల్లో వేల ఉద్యోగాలు గాలిలో దీపాలయ్యాయి. దాంతో రెండు పార్టీల వారూ పాత పగలు పక్కనపెట్టి, అదే ఏడాది అక్టోబరుకల్లా ఒక చట్టం చేసుకున్నారు. దాని పుణ్యమా అని పుట్టిందే ఎస్ఎల్ఎస్ అనే మహా రాకెట్టు. అది ఎక్కడికి వెళ్లాలన్న విషయంలో చట్టం ఉదారంగా ఉంది, భూమికి దూరంగా ఎక్కడికైనా సరే. ఎలా తయారు కావాలన్న దగ్గర మాత్రం పట్టింపు ఎక్కువ. షటిల్ నాటి కాంట్రాక్టులను, సిబ్బందిని, ఇంజన్లను, ఘన ఇంధన మోటార్లను వీలున్నంతవరకు వాడాలి. మొదట 70 నుంచి 100 టన్నులు, తర్వాత 130 టన్నులు మోయాలి. 2016 ముగిసేలోగా సిద్ధం కావాలి. తమ రాష్ట్రంలో తయారయ్యే ఘన ఇంధన మోటార్లు లేకుండా ఈ షరతులు నెరవేరడం కష్టమని యుటా సెనేటర్ ఆరిన్ హాచ్ దాపరికం లేకుండా సంతోషించారు. టెండరు నిబంధనలు చదివి కాంట్రాక్టరు పేరు చెప్పేయగల మన పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించదు.

రాకెట్టు 2016లో ఎగరలేదు. 2022 నవంబరు 16న ఎగిరింది. మనుషులు లేని ఒరాయన్ నౌకను చంద్రుడి దాకా పంపి క్షేమంగా వెనక్కి రప్పించింది. ఇంజనీర్ల పనితనానికి వంక పెట్టలేం. వంకంతా లెక్కల పుస్తకంలో ఉంది. ఆర్టెమిస్ అనే కొత్త చంద్రయాత్రల పథకంలోని తొలి నాలుగు యాత్రల్లో రాకెట్టు, నౌక, ప్రయోగ ఏర్పాట్లు కలిపి ఒక్కో ప్రయోగానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని, ఇలాగైతే నడవదని నాసా ఇన్‌స్పెక్టర్ జనరలే 2022లో కాంగ్రెసుకు మొరపెట్టుకున్నారు. షటిల్ ఇంజన్లు మళ్లీ మళ్లీ వాడేందుకు తయారైనవి. ఎస్ఎల్ఎస్‌లో వాటిని ఒక్కసారికే వాడి సముద్రంలో కలిపేస్తారు. ఆ తొలి ప్రయోగంలో మునిగిన నాలుగూ ఒకప్పుడు షటిళ్లను మోసి, తిరిగొచ్చి, మళ్లీ మోసిన పాత కాపులే. అవి అయిపోతే కొత్తవి కావాలి, ఒక్కోటి ఇంచుమించు పది కోట్ల డాలర్లు. పారేయడానికి కొనే వస్తువు ఇంత ఖరీదైనది కావడం శాస్త్ర దృష్టితో చూస్తే నష్టమే. ఫ్యాక్టరీ ఉన్న ఊరి దృష్టితో చూస్తే దాన్నే నిలకడైన డిమాండ్ అంటారు.

అసలు రద్దు కూడా తేలిగ్గా జరగలేదు. కాన్‌స్టలేషన్‌ను ఆపడానికి వీల్లేదని అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ అంతకుముందే ఒక బడ్జెట్ చట్టంలో వాక్యం చేర్పించి ఉంచారు. ఆ వాక్యం గడువు తీరకపోవడంతో, రద్దయిందని అందరికీ తెలిసిన పథకం మీద నాసా 2011లోనూ కోట్ల డాలర్లు ఖర్చు పెడుతూ వచ్చింది. మిసిసిపీలోని స్టెనిస్ కేంద్రంలో ఇంకో ఘనకార్యం ఉంది. అదే పథకానికి చెందిన ఇంజన్‌ను పరీక్షించడానికి ఏ-3 అనే 300 అడుగుల ఉక్కు గోపురం కట్టడం మొదలుపెట్టారు. పథకం పోయింది, గోపురంతో పని లేదు, నాసా వద్దంటోంది. ఆ రాష్ట్ర సెనేటర్ రోజర్ వికర్ మాత్రం పని పూర్తి చేసి తీరాలని చట్టంలో రాయించారు. 2014లో 34.9 కోట్ల డాలర్లతో పని పూర్తయింది. పూర్తవగానే తాళం వేశారు. తాళం వేసిన గోపురానికి కాపలా, తుప్పు వదిలింపు కింద ఏటా లక్షల డాలర్లు అయ్యాయి. న్యాయంగా ఇది కూడా చెప్పాలి, చాలా ఏళ్ల తర్వాత రాకెట్ ల్యాబ్ అనే ప్రైవేటు కంపెనీ తన ఇంజన్ల పరీక్షకు దాన్ని లీజుకు తీసుకుంది. సెనేటర్ గారి దూరదృష్టి అంత దూరం చూసిందని నమ్మేవాళ్లు నమ్మవచ్చు.

రాజకీయం లేకపోతే రాకెట్టే లేదు కదా అని పెద్దలు అడుగుతారు. నిజమే. గగారిన్ అంతరిక్షంలో తిరిగొచ్చి, క్యూబా మీద దాడి బెడిసికొట్టి, అమెరికా పరువు పోయిన 1961 వసంతంలోనే కెనెడీకి చంద్రుడు గుర్తొచ్చాడు. అంతరిక్షమంటే తనకంత ఆసక్తి లేదని, రష్యాను ఓడించడమే ముఖ్యమని మరుసటి ఏడాది నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో ఆయన అన్న మాట టేపుల్లో ఉంది. వ్యోమగాముల కేంద్రం హ్యూస్టన్‌కు వెళ్లడంలో, నాసా నిధుల ఉపసంఘాన్ని ఏలిన హ్యూస్టన్ సభ్యుడు ఆల్బర్ట్ థామస్ చెయ్యి లేదనేవాళ్లు లేరు. కాబట్టి అపోలో కడిగిన ముత్యమేమీ కాదు. కానీ ఒక తేడా ఉంది. చంద్రుడి దగ్గర చిన్న నౌకను విడదీసి దింపాలా, మొత్తం నౌకనే దింపాలా అన్న వాదన 1962లో వచ్చినప్పుడు, కెనెడీ సలహాదారు జెరోమ్ వీస్నర్ నాసా ఇంజనీర్ల పద్ధతిని తప్పుపట్టారు, ఒకసారైతే అధ్యక్షుడి కళ్లముందే వెబ్‌తో వాదానికి దిగారు. అంతటి సలహాదారు కాదన్నా, చివరికి ఇంజనీర్లు ఎంచుకున్న దారే నిలిచింది. ఎక్కడికి, ఎప్పటిలోగా అన్నవి నాయకుడు చెప్పాడు, ఎలా అన్నది తెలిసినవాళ్లకు వదిలేశాడు. ఎస్ఎల్ఎస్‌లో ఇది తలకిందులైంది. ఎలా అన్నది చట్టమై కూర్చుంది. ఎక్కడికి అన్నది ఒబామా రోజుల్లో గ్రహశకలం, ట్రంప్ వచ్చాక చంద్రుడు. అధ్యక్షుడు మారితే గమ్యం మారుతుంది, ఫ్యాక్టరీ మారదు.

అలాగని కాంగ్రెసు సభ్యుల ముచ్చట్లన్నీ దండగ అనలేం. గురుగ్రహపు ఉపగ్రహమైన యూరోపా మంచు కింద సముద్రం ఉందని శాస్త్రవేత్తలు ఎంత మొత్తుకున్నా, వైట్‌హౌస్ బడ్జెట్లు దానికి వెనకాడాయి. పట్టుబట్టి డబ్బు ఇప్పించింది టెక్సాస్ సభ్యుడు జాన్ కల్బర్సన్. నిధుల ఉపసంఘం ఆయన చేతిలో ఉంది, మోజు కూడా ఉంది. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఆ నౌక ఎస్ఎల్ఎస్ మీదే వెళ్లాలని చట్టంలో రాయించారు. 2018 ఎన్నికల్లో ఓడిపోయారు, ఊరి సమస్యలు వదిలి గ్రహాంతర జీవుల కోసం వెతుకుతున్నారని ప్రచారంలో వెక్కిరింపులు కూడా పడ్డాయి. ఆయన పదవి పోయాక చట్టం సడలింది. ఎస్ఎల్ఎస్ అదురుడు నౌకకు పడదని తేలింది. యూరోపా క్లిపర్ 2024 అక్టోబరు 14న ప్రైవేటు రాకెట్టు ఫాల్కన్ హెవీ మీద బయల్దేరింది, ఆదా సుమారు 200 కోట్ల డాలర్లు. నౌకను పుట్టించిందీ రాజకీయమే, కాళ్లకు సంకెల వేసిందీ అదే. వాటిని వేరు చేసి చూడటం చేతగానివాళ్లే ఒకటి పొగడాలని, ఒకటి తిట్టాలని తొందరపడతారు.

మరి అంతా ప్రైవేటుకు అప్పగిస్తే రాజకీయం వదులుతుందా? ఆ ముచ్చట 2025లో తీరింది. ఆ ఫాల్కన్ హెవీ కంపెనీ అధినేత మస్క్‌కు మిత్రుడైన జారెడ్ ఐజక్‌మన్‌ను నాసా అధిపతిగా ప్రతిపాదించిన ట్రంప్, మే చివర్లో ఆ పేరు వెనక్కి తీసుకున్నారు. కొద్ది రోజులకే ట్రంప్‌కు, మస్క్‌కు బహిరంగంగా చెడింది. నీ కాంట్రాక్టులు పీకేస్తానని ఒకరు, నా డ్రాగన్ నౌకను ఆపేస్తానని మరొకరు. అప్పట్లో అమెరికా గడ్డ మీది నుంచి వ్యోమగాములను అంతరిక్ష కేంద్రానికి చేరవేస్తున్న నౌక అదొక్కటే. కొన్ని గంటల్లోనే మస్క్ మాట వెనక్కి తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ పాత పేరే నవంబరులో మళ్లీ వచ్చింది, డిసెంబరులో సెనేటు ఆమోదించింది. సెనేటర్ల కమిటీ అయితే కనీసం మినిట్స్ రాసి పెడుతుంది, అలకలకు ఆ పద్ధతి కూడా లేదు.

ఆ ఏడాదే అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన నాసా శాస్త్ర పరిశోధనకు దాదాపు సగం కోత పెట్టమంది, ఎస్ఎల్ఎస్‌ను మూడో ఆర్టెమిస్ యాత్రతో ముగించమంది. కాంగ్రెసు జులైలో ఆమోదించిన పెద్ద బిల్లులో మాత్రం నాలుగో, ఐదో యాత్రల ఎస్ఎల్ఎస్ కోసం 410 కోట్ల డాలర్లు ప్రత్యక్షమయ్యాయి. అదే బిల్లులో ఇంకో 8.5 కోట్లు, అంతరిక్షానికి వెళ్లొచ్చిన ఒక వాహనాన్ని హ్యూస్టన్‌కు చేర్చడానికి. పేరు రాయకపోయినా అది డిస్కవరీ షటిల్ అని అందరికీ తెలుసు. 2012 నుంచి వర్జీనియాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, దాని మీద టెక్సాస్ సెనేటర్ల కన్ను పడింది. విడదీయకుండా తరలించడం కష్టమని, ఆ డబ్బు చాలదని మ్యూజియం వారు గోల పెట్టారు. విడదీయక తప్పదంటే, ఎన్ని ముక్కలవుతాయో, ఒక్కో రాష్ట్రానికి ఎన్ని వస్తాయో ఈపాటికి ఏదో ఒక ఉపసంఘం లెక్క మొదలుపెట్టే ఉంటుంది.