మిక్సింగ్ గది పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: తెనాలిలో మా మేనల్లుడికి పెళ్ళి వీడియోల మిక్సింగ్ గది ఉంది. రెండు మానిటర్లు, పక్కరేకు విప్పేసిన ఒక క్యాబినెట్, దాని పొట్టలోకి గాలి కొడుతూ ఒక టేబుల్ ఫ్యాను. విప్పిన రేకు గోడకు ఆనించి ఉంది. దానిమీద స్కెచ్ పెన్నుతో రాసి అతికించిన కాగితంలో ఈ ఆటవెలది కనబడింది. "ఎవరు రాశార్రా ఇది?" అంటే, "సెకండ్ హ్యాండులో కొన్నప్పుడే ఉంది మామయ్యా" అన్నాడు. అంటే అపౌరుషేయం. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి, పద్యం కంటపడితే టీక రాయకుండా ఊరుకోలేను. కోలాచల మల్లినాథ సూరిని తలుచుకుని మొదలుపెడుతున్నాను.

ర్యాము తక్కువైన రాత్రంత నిద్దుర
లేదు, డిస్కు నిండ లెక్క తప్పు,
ప్రాక్సి లేనివాఁడు పడిగాపు పడునయ్య,
కార్డు తుడుచు ముందు కాపి రెండు!

ప్రతిపదార్థం: అయ్య = ఓ మిక్సింగ్ చేయువాడా; ర్యాము = పని జరుగుచున్నంతసేపు సరుకు పరచుకొను బల్ల; తక్కువైన = చాలనిచో; రాత్రంత = రాత్రి అంతయు; నిద్దుర లేదు = కన్ను మూతపడదు; డిస్కు = సరుకు దాచు కొట్టు; నిండ = నిండగా; లెక్క తప్పు = వేసుకొన్న అంచనా చెడును; ప్రాక్సి లేనివాఁడు = బదులు ప్రతి చేసికొననివాడు; పడిగాపు పడును = తెర ముందు కాచుకొని కూర్చుండును; కార్డు = కెమెరా కార్డును; తుడుచు ముందు = చెరుపుటకు మునుపు; కాపి రెండు = రెండు నకళ్ళు. 'చేయుము' అనే క్రియ అధ్యాహారం. 'కాపీ', 'ప్రాక్సీ' హ్రస్వాలైపోయింది గణభంగ భయం చేత.

తాత్పర్యం: స్పష్టం. అయినా ఎవరూ పాటించరు కనుక వ్యాఖ్య అవసరమైంది.

వ్యాఖ్య: 'ర్యాము తక్కువైన' అన్నాడు గానీ ఎంతైతే తక్కువో కవి చెప్పలేదు. మామూలు హెచ్‌డీకి 16 జీబీతో నెట్టుకురావచ్చు. 4కె అయితే 32 ఉండాలి. 4కెలో ఒక్క ఫ్రేముకి 3840 ఇంటూ 2160, అంటే సుమారు 83 లక్షల చుక్కలు. పాత హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ఆ 32 కూడా ఒకే ముక్కగా కొనకూడదు, 16 చొప్పున జత కొనాలి. జతగా ఉంటే ప్రాసెసరు రెండు దారుల్లో సరుకు తెచ్చుకుంటుంది. ఇది ద్వంద్వ సమాసం, ఉభయ పదార్థ ప్రధానం. జత కొన్నాక బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే మీట వేయకపోతే ర్యాము డబ్బాపై రాసిన వేగంతో నడవదు, తన సహజ మందగతిలోనే నడుస్తుంది.

'నిద్దుర లేదు' అన్నచోట శ్లేష ఉంది. నిద్ర లేనిది ఎవరికి? మనిషికని ఒక అర్థం. యంత్రానికి ఉండరాదని రెండో అర్థం. రాత్రి పదకొండుకి ఎక్స్‌పోర్టు పెట్టి ఇంటికి వెళితే, విండోస్ తనంతట తాను స్లీపులోకి జారుకుంటుంది. పొద్దున వచ్చి చూస్తే గీత 38 శాతం దగ్గర ఆగి ఉంటుంది. కనుక పవర్ సెట్టింగుల్లో స్లీపు ఆపేయాలి. యంత్రం మేలుకుంటేనే మనిషికి నిద్ర. రెండో అర్థమే నాకు ఇష్టం.

ఇక 'లెక్క'. ఇప్పటి కెమెరాలు 4కెలో సెకనుకి 100 మెగాబిట్లు రాయడం మామూలు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక సెకనుకి 12.5 ఎంబీ, గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు చెరో ఆరు గంటలు తిప్పితే 540 జీబీ. స్నాతకం నుంచి అప్పగింతల దాకా తిప్పేవాళ్ళు ఆరు గంటలతో ఎక్కడ ఆగుతారు? 1 టీబీ డిస్కు కొని బిగిస్తే విండోస్ దాన్ని 931 జీబీ అంటుంది. అమ్మినవాడు వెయ్యి చొప్పున గుణించాడు, విండోస్ 1024 చొప్పున భాగించింది. మోసం కాదు, కొలపాత్రలు వేరు. పైగా తిరిగే పాత హార్డు డిస్కు ఒకే కెమెరా సరుకైతే బాగానే చదువుతుంది. రెండు కెమెరాలు, వాటికి తోడు సాఫ్ట్‌వేరు తాత్కాలికంగా రాసుకునే క్యాషే, మూడూ ఒకేచోట పెడితే దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తి అలసిపోతుంది. సిస్టం ఒక ఎన్‌వీఎంఈ (తిరగని వేగపు డిస్కు) మీద, నడుస్తున్న పెళ్ళి ఇంకోదానిమీద, అయిపోయిన పెళ్ళిళ్ళు హార్డు డిస్కు మీద. ఇదే క్రమం.

'ప్రాక్సి' శబ్దానికి నిరుక్తం: ప్రాక్ అనగా ముందు, ముందుగా చేసుకోవలసినది గనుక ప్రాక్సి. ఈ వ్యుత్పత్తి శుద్ధ తప్పు, కానీ పని మాత్రం ముందుగానే చేయాలి. కాలేజీలో ఒకడి బదులు ఇంకొకడు "ప్రెజెంట్ సార్" అంటాడే, అదే ఇది. టైంలైన్ మీద కోతలన్నీ తేలికపాటి చిన్న ఫైలు మీద చేసి, చివర ఎక్స్‌పోర్టులో అసలు ఫైలు పిలిపిస్తారు. ఎందుకింత తంటా? కెమెరాలు రాసే హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ఎక్కడో ఒకటి నిండుగా రాసి, మిగతావాటికి ఏం మారిందో మాత్రమే రాస్తాయి. సోమరి వ్యాఖ్యాత ప్రతి పద్యం కిందా 'పూర్వవత్' అని రాసినట్టు. తలంబ్రాల మధ్యలో ఒక ఫ్రేము దగ్గర కత్తెర వేయాలంటే, యంత్రం ఆ 'పూర్వం' ఎక్కడుందో వెతుక్కుంటూ వెనక్కి పేజీలు తిప్పాలి. ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అలా కాదు, ప్రతి ఫ్రేముకీ అర్థం అక్కడే రాసి ఉంటుంది. చోటు ఎక్కువ తింటాయి, పని చురుగ్గా సాగుతుంది. ప్రాక్సీలు వాటిలో చేసుకోవడం మేలు.

ఆక్షేపం: గ్రాఫిక్స్ కార్డు ఊసే లేని పద్యం ఒక పద్యమా? కంప్యూటరు కొనడానికి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళిన ప్రతివాడూ మొదట అడిగేది అదే కదా?

సమాధానం: అందుకే కవి చెప్పలేదు. చెప్పకపోయినా కొంటారు. రంగులు దిద్దడానికి, ఎఫెక్టులకి, డావిన్సీ రిజాల్వ్ వాడేవాడికి అది కావలసిందే, కాదనను. కానీ తొలి తగువు ఫైలు విప్పడం దగ్గర. మంచి కెమెరాలు రాసే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్ళను ఎన్‌విడియా కార్డులు తమంతట తాము విప్పడం 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్ ఆ పని అప్పటికే చేస్తోంది. మన పెళ్ళి మిక్సింగ్ వాళ్ళ కులదైవం ఎడియస్ సాఫ్ట్‌వేరు కూడా ఆ లోపలి గ్రాఫిక్స్‌నే నమ్ముకుంటుంది. ఇక్కడొక వ్యాకరణ విశేషం. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' ఉంటే అది లోపార్థక ప్రత్యయం, లోపలి గ్రాఫిక్స్ లేదని అర్థం. కాస్త చవగ్గా వస్తుందని మావాడు మొదట ఎఫ్ కొన్నాడు. ఏడాది తిరక్కుండా ప్రాసెసరు మార్చాడు.

గ్రాఫిక్స్ కార్డులాగే సెకనుకి 25 ఫ్రేముల సంగతీ పద్యంలో లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక కెమెరాలో 25, షట్టరు యాభయ్యో వంతు పెట్టుకుంటే మండపం దీపాలు చాలావరకు మిణకవు. టైంలైన్ కూడా 25లోనే ఉంచాలి. అంతే, ముందుకు పోదాం.

'కార్డు తుడుచు ముందు': ఇక్కడ కార్డు అంటే గ్రాఫిక్స్ కార్డనీ, తుడవడమంటే దుమ్ము దులపడమనీ మావాడి అసిస్టెంటు వాదం. దుమ్ము దులపడానికి కాపీలు రెండెందుకురా అంటే జవాబు లేదు. అదీగాక ఈ పాదానికి అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కర్లేదు, కిందటి కార్తీకం చాలు. ఆ అసిస్టెంటే ఒక కాపీ కాగానే కార్డులు ఫార్మాట్ కొట్టి మర్నాటి పెళ్ళికి పట్టుకుపోయాడు. కాపీ ఉన్న డిస్కు వారంలో మొండికేసింది. రికవరీ చేయించినా అప్పగింతలు మాత్రం రాలేదు. మావాడు ఫొటోలతో స్లైడ్‌షో కట్టి, పైన సన్నాయి పెట్టి ఇచ్చాడు. పెళ్ళికూతురి తల్లి గదికి వచ్చి, రెండు మానిటర్లకేసి మార్చి మార్చి చూసి, "నేనేడ్చింది ఏది బాబూ?" అంది.

ఆ నాలుగో పాదం కింద ఇప్పుడు ఎర్రగీత ఉంది. ఒక కాపీ మిక్సింగ్ గదిలో ఉంటుంది. రెండోది మా ఇంట్లో, బీరువా పై అరలో, మా ఆవిడ పట్టుచీరల కింద.