కార్టూన్ల డాక్టరు బాబాయి

వెనకటికి ప్రతి వీధిలోనూ తెల్ల గోళీలు పంచే హోమియో తాతయ్య ఒకరుండేవారు. ఆ ఖాళీలో ఇప్పుడు కార్టూన్ల బాబాయి చేరాడు. ఉద్యోగం బ్యాంకులో. సైకాలజీలో ఆన్‌లైన్ కోర్సొకటి చేసి, సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. పేషెంట్లు రాలేదు. టీవీలో బొమ్మలు దొరికాయి.

పిల్లలు ‘ఫైండింగ్ నీమో’ పెట్టుకుంటే రిమోట్ ఆయన చేతిలోకి వెళ్లిపోతుంది. నీమో మొదటిసారి బడికెళ్లే రోజు, తండ్రి చేప మార్లిన్ గడప దాటి బయటికొస్తాడు, లోపలికెళ్తాడు, మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. అక్కడ బాబాయి టక్కున ఆపుతాడు.

“చూశారా? ఓసీడీ!”

“బాబాయ్, వాళ్లమ్మనీ అన్ని గుడ్లనీ బారకూడా చేప తినేసింది కదా. మిగిలింది నీమో ఒక్కడే. భయమెయ్యదా మరి?” అంటుంది ఐదో తరగతి పిల్ల.

“అయితే పీటీఎస్‌డీ,” అని అక్కడికక్కడే జబ్బు మార్చేస్తాడు.

అలాగని బొత్తిగా కొట్టిపారేయడానికీ లేదు. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో శాలీ బాక్సెండేల్ అనే న్యూరోసైకాలజిస్టు, సినిమాల్లో మతిమరుపు ఎంత అడ్డదిడ్డంగా ఉంటుందో రాస్తూ, ఇదే నీమో సినిమాలోని డోరీ చేపను మాత్రం మెచ్చుకున్నారు. కొత్తగా విన్నది నిలవకపోవడం, పేర్లు తప్పడం, దారి మరిచిపోవడం అన్నీ నిజం పేషెంట్లలాగే ఉన్నాయట. తలకు దెబ్బ తగిలి గతం మరిచిన హీరోకి రెండో దెబ్బతో అంతా గుర్తొచ్చే కథలు చూసి పెరిగిన మనకు ఒక చేప పాఠం చెప్పిందన్నమాట.

బాబాయికి వేదం మాత్రం వేరే ఉంది. 2000 డిసెంబరులో కెనడా మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో కొందరు పిల్లల వైద్యులు పిల్లల కథల్లోని విన్నీ ద పూనీ, దాని నేస్తాలనీ పరీక్షించేశారు. పూ అనే ఎలుగుబంటికి ఏకాగ్రత లోపం, పందిపిల్ల పిగ్లెట్‌కి ఆందోళన, గాడిద ఈయోర్‌కి ఏళ్లతరబడి వదలని దిగులు. సంవత్సరాంతపు సంచికలో సరదాకి రాసింది అది. ఈయన ప్రింటు తీసి లామినేషన్ చేయించాడు.

బొమ్మలతో ఆయనకున్న సౌకర్యం ఇంకొకటుంది. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన గోల్డ్‌వాటర్ మనఃస్థితి గురించి ఒక పత్రిక సైకియాట్రిస్టుల అభిప్రాయాలు పోగేసి అచ్చేసింది. గోల్డ్‌వాటర్ దావా వేసి గెలిచాడు. ఆపైన 1973లో, స్వయంగా పరీక్షించని ప్రముఖుల మీద వృత్తిపరమైన అభిప్రాయం చెప్పకూడదని అక్కడి సైకియాట్రిస్టుల సంఘం కట్టడి చేసింది. చేపలు కోర్టుకెక్కవు కదా! పైగా ప్రతిదానికీ ఆందోళనపడే జబ్బని తేల్చడానికి కనీసం ఆరు నెలల లక్షణాలు చూడమంటాయి డాక్టర్ల పుస్తకాలు. బాబాయి సినిమా గంటన్నరలో అయిపోతుంది, అందులో పాటలు కూడా.

ఆ మధ్య ఆయన బావమరిది వచ్చాడు. నెలల తరబడి నిద్ర లేదు, ఉన్నట్టుండి గుండె దడ, ఆఫీసు గుమ్మంలో చెమటలు. ఈయోర్ దిగులుకి కళ్లు చెమర్చిన బాబాయి, “దిష్టిరా, పొద్దున్నే లేచి నాలుగడుగులు నడువు” అని తేల్చేశాడు. పిన్ని అప్పటికే ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది.

పిల్లలు ఆ సాయంత్రం ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ చూస్తున్నారు. హాకీ ఆట మధ్యలో పదమూడేళ్ల రైలీ పెనాల్టీ బాక్సులో కూలబడి ఊపిరందక గుండె పట్టుకుంటుంది. ఆమె బుర్రలో నారింజ రంగు ‘యాంగ్జైటీ’ సుడిగాలిలా తిరుగుతూ కంట్రోలు బల్ల వదలదు. “నాకూ ఇలాగే వస్తుంది” అన్నాడు బావమరిది, పిల్లలతో. ఐదో తరగతి పిల్ల వెంటనే 14416 డయల్ చేసి ఫోను మామయ్య చేతిలో పెట్టింది. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, బళ్లో చెప్పారట. వారం తిరక్కుండా బావమరిది సైకియాట్రిస్టును కలిశాడు. “నేనే పంపించాను” అని బాబాయి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఒక్క ఛోటా భీమ్ జోలికి మాత్రం వెళ్లడు. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్లు 2008లో తెచ్చిన ఈ పిల్లాడు లడ్డూ తింటే ఇంకాస్త కండబలం చూపిస్తాడు. వీడికేం జబ్బని పిల్లలు అడిగితే, షుగరున్న బాబాయి పిన్ని వంటింట్లోనే ఉందని రూఢి చేసుకుని, డబ్బా మూత తీస్తూ, “ఆకలమ్మా. అది జబ్బు కాదు” అంటాడు.